సంఘం రేడియో: పదేళ్ల నిరీక్షణ, తొలగని ఒక షరతు

కమ్యూనిటీ రేడియోలు, అంటే ఒక ప్రాంత ప్రజల కోసం స్థానిక సంస్థలు నడిపే చిన్న రేడియో కేంద్రాలు, తమ ప్రాంతపు వార్తలను తామే చెప్పవచ్చా అన్న వివాదం మళ్లీ రాజుకుంది. జహీరాబాద్ సమీపంలోని మాచ్‌నూర్ నుంచి వెలువడే సంఘం రేడియో చరిత్ర ఈ వివాదానికి మూలమెక్కడో చెబుతుంది. ఈ రేడియోను నడిపే స్వచ్ఛంద సంస్థ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ గురించి, ఆ ప్రాంతపు దళిత మహిళా రైతులు కాపాడుకొచ్చిన చిరుధాన్యాల గురించి పాఠకులకు తెలిసిందే. అంతగా తెలియనిది 1998 నుంచి 2008 వరకు సాగిన నిరీక్షణ.

యునెస్కో తోడ్పాటుతో 1998లోనే అక్కడ స్టూడియో ఏర్పడింది. విత్తనాలు, పశువుల జబ్బులు, ఆరోగ్యం, పాటలు, ఇలా అన్నింటినీ మహిళలే రికార్డు చేశారు. అయితే వాటిని ప్రసారం చేసే అనుమతి లేకపోవడంతో క్యాసెట్లను ఊరూరికీ పంపి, మహిళా సంఘాల సమావేశాల్లో టేప్ రికార్డర్ పెట్టి వినిపించవలసి వచ్చింది.

ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు అప్పటికే, 1995 ఫిబ్రవరిలో, తేల్చి చెప్పింది. క్రికెట్ మ్యాచ్‌ల ప్రసార హక్కులపై తలెత్తిన ఆ కేసులో జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి రాసిన తీర్పులు ప్రభుత్వ గుత్తాధిపత్యాన్ని సూత్రరీత్యా తోసిపుచ్చాయి. ఆచరణలో మాత్రం తలుపు వెంటనే తెరుచుకోలేదు. 2002 చివర్లో వచ్చిన కమ్యూనిటీ రేడియో విధానం విద్యాసంస్థలకే అవకాశమిచ్చింది. 2004లో చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది గానీ, స్టూడియో సిద్ధంగా ఉన్న మాచ్‌నూర్ మహిళలు అర్హులు కాలేకపోయారు.

అసలు మలుపు 2006 నవంబరు నాటి మార్గదర్శకాలు. స్వచ్ఛంద సంస్థలకు అనుమతినిచ్చిన ఆ పత్రమే, వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయ స్వభావం గల కార్యక్రమాలను నిషేధించింది. 2008 అక్టోబరు 15న జస్టిస్ సావంత్ చేతుల మీదుగా సంఘం రేడియో ప్రసారాలు ప్రారంభమైనప్పుడు, దేశంలో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే తొలి కమ్యూనిటీ రేడియోగా అది అందుకున్న హక్కు ఈ షరతుతో కలిసే వచ్చింది. నేటి గొడవకు బీజం అక్కడే పడింది.

చిన్న కేంద్రాల ప్రసారాలన్నింటినీ గమనించే యంత్రాంగం లేదని, భద్రతకు ముప్పు ఉంటుందని ప్రభుత్వం చెబుతూ వస్తోంది. వంద వాట్ల ప్రసార శక్తికి పరిమితమై, కొద్దిపాటి దూరంలోని గ్రామాలకు మాత్రమే వినిపించే రేడియో కేంద్రం విషయంలో ఈ వాదన నిలిచేది కాదు.

నిబంధనల్లో తరువాత వచ్చిన సడలింపులు అసలు లోపాన్ని సరిదిద్దలేదు. ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్టు వినిపించవచ్చు. వాతావరణం, పరీక్షా ఫలితాలు, ఉద్యోగావకాశాలు వార్తల కిందికి రావు. కరెంటు, నీటి సరఫరాల గురించి స్థానిక యంత్రాంగం ఇచ్చిన ప్రకటనలనూ చదవవచ్చు. అంటే నీళ్లు రావని అధికారులు చెబితే రేడియోలో చెప్పవచ్చు. ఎందుకు రాలేదో, పంచాయతీ ఏం చేసిందో విలేకరిలా ఆరా తీసి ఒక మహిళా రైతు అదే మైకులో చెబితే, అది నిషిద్ధమైన వార్త కింద లెక్కకు వచ్చే ప్రమాదం ఉంది. ఇప్పుడు కేంద్రాలు అడుగుతున్నది ఆ రెండో మాట చెప్పే హక్కునే.