పడుకునే ముందు ప్రోటీన్ తాగకపోతే కండ కరిగిపోతుందా? అపోహలు - వాస్తవాలు

బెంగళూరులోని మారతహళ్లి, బెళ్లందూరు పీజీల్లో (భోజనంతో కూడిన అద్దె వసతుల్లో) ఉండే మనవాళ్లు చాలామంది ఎనిమిదింటికి జిమ్‌కి వెళ్లి, తొమ్మిదిన్నరకి భోంచేసి, పదకొండింటికి మళ్లీ షేకర్ చేతపడతారు. రాత్రి ప్రోటీన్ పడకపోతే చేసిన వర్కవుట్ అంతా వృథా అన్న మాట జిమ్ముల్లో గట్టిగా పాతుకుపోయింది. అందులో కొంత నిజం ఉంది. అయితే దానికోసం పెట్టే ఖర్చు చాలామందికి అక్కర్లేనిది.

అపోహ: రాత్రి ప్రోటీన్ లేకపోతే నిద్రలో కండ తరిగిపోతుంది.

వాస్తవం: కండలో పాత ప్రోటీన్ విరగడం, కొత్తది చేరడం రోజంతా జరుగుతూనే ఉంటాయి. నిద్రలో ఏమీ తినం కాబట్టి కొత్తది చేరడం నెమ్మదిస్తుంది, పొద్దున తినగానే మళ్లీ పుంజుకుంటుంది. ఒక్క రాత్రికి కండ తరిగిపోదు.

నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో, సాయంత్రం బరువులెత్తిన కుర్రాళ్లకి పడుకునే ముందు 40 గ్రాముల కేసీన్ (పాలలో ఎక్కువగా ఉండే ప్రోటీన్) ఇచ్చి చూశారు. ఆ రాత్రి కండ తయారీ సుమారు 22 శాతం పెరిగింది. 2015లో అక్కడే 12 వారాలు సాగిన మరో పరీక్షలో, రాత్రి ప్రోటీన్ తాగినవాళ్లకి బలం, కండ రెండూ ఎక్కువ పెరిగాయి. మెలిక ఇక్కడే ఉంది. తాగినవాళ్లకి రోజు మొత్తం మీద కిలో బరువుకి 1.9 గ్రాములు అందితే, తాగనివాళ్లకి 1.3 గ్రాములే అందింది. లాభం రాత్రి వేళ వల్ల వచ్చిందో, ఎక్కువ తిన్నందుకు వచ్చిందో ఆ పరీక్షతో తేలదు. ఒకే మోతాదు కేసీన్‌ని కొందరికి పగలు, కొందరికి రాత్రి ఇచ్చి చూసిన 2018 నాటి చిన్న పరీక్షలో తేడా కనపడలేదు.

అందుకే మొదట గడియారం కాదు, రోజు లెక్క చూసుకోండి. మామూలు మనిషికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది కిలో బరువుకి 0.83 గ్రాములు. బరువులెత్తేవాళ్లు 1.6 దగ్గర పెట్టుకుంటే బాగుంటుంది. అంటే 70 కిలోల మనిషికి 112 గ్రాములు.

ఇప్పుడు పీజీ తిండి లెక్క చూద్దాం. పొద్దున నాలుగు ఇడ్లీలు, సాంబారు, చట్నీ కలిపి 10 గ్రాములు. మధ్యాహ్నం అన్నంలో 8, రెండు గరిటెల పప్పులో 6, చిన్న కప్పు పెరుగులో 3. పీజీ పప్పు పలచన కాబట్టి గరిటెకి మూడు గ్రాముల కంటే ఎక్కువ వేసుకోవద్దు. సాయంత్రం టీ, బిస్కెట్లకి 3. రాత్రి మూడు పుల్కాలు, కూర, ఒక గుడ్డు కలిపి 17. మొత్తం 47. ఇంకా 65 గ్రాములు తక్కువ! రాత్రి ఒక్క స్కూపు 24 గ్రాములిస్తుంది, అది ఏ మూలకి?

ఆ లోటు పగలే పూడ్చాలి. పొద్దున ఇడ్లీతో మూడు ఉడికించిన గుడ్లు తింటే 18 వస్తుంది (గుడ్డు తిననివాళ్లకి 100 గ్రాముల పనీర్ అంతే ఇస్తుంది). మధ్యాహ్నం కూరలో 40 గ్రాముల ఎండు మీల్ మేకర్ వేస్తే 20. సాయంత్రం బిస్కెట్లకి తోడు 50 గ్రాముల వేయించిన శనగలు తింటే 10. ఇప్పుడు 95కి చేరారు. మిగిలిన 17 కోసమే రాత్రి పాల గ్లాసు.

అపోహ: రాత్రికి ఖరీదైన కేసీన్ పౌడరే కావాలి.

వాస్తవం: పాల ప్రోటీన్‌లో 80 శాతం కేసీనే. పొట్టలోని ఆమ్లం తగలగానే అది, నిమ్మరసం పిండిన పాలలా, విరిగి గడ్డకడుతుంది. ఆ గడ్డ నెమ్మదిగా కరుగుతూ గంటల తరబడి అమైనో ఆమ్లాలను (ప్రోటీన్ విరిగితే వచ్చే ముక్కలను) వదులుతుంది. పాలు తాగినా ఇదే జరుగుతుంది; పెరుగు, పనీర్‌లలో కేసీన్ ముందే గడ్డకట్టి ఉంటుంది. పైగా 2023లో రాత్రి 45 గ్రాముల వే (పాలు విరిచినప్పుడు విడిపోయే నీళ్లలోని ప్రోటీన్), 45 గ్రాముల కేసీన్ పోల్చి చూసినప్పుడు రెండూ సమానంగానే పనిచేశాయి. ఇంట్లో వే డబ్బా ఉంటే అదే చాలు.

చవకగా కావాలంటే 30 గ్రాముల వెన్న తీసిన పాలపొడిని ముందు రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లతో ముద్దలా కలపండి. తర్వాత 250 మి.లీ. నందిని నీలి ప్యాకెట్ పాలు కొంచెం కొంచెంగా పోస్తూ తిప్పండి. పొడిని నేరుగా వేడి పాలలో వేస్తే ఉండలు కడుతుంది. పంచదార వేయకపోతే 18 గ్రాముల ప్రోటీన్, సుమారు 250 కేలరీలు. అయితే ఇందులో లాక్టోజ్ (పాలలోని చక్కెర) 27 గ్రాముల దాకా ఉంటుంది. పాలు పడనివాళ్లకి అర్ధరాత్రి కడుపుబ్బరం ఖాయం. వాళ్లు అర కిలో పెరుగుని పలుచని నూలు గుడ్డలో కట్టి, ఫ్రిజ్‌లో నాలుగైదు గంటలు వేలాడదీయాలి. బయట కడితే పులుస్తుంది. కారిన నీళ్లతో లాక్టోజ్ కొంత పోతుంది, కేసీన్ గుడ్డలోనే ఉంటుంది. గట్టి పెరుగులో 14 గ్రాములు దక్కుతాయి.

పనీర్‌తో ఒక జాగ్రత్త. 200 గ్రాములు తింటే ప్రోటీన్ 36 గ్రాములు వస్తుంది కానీ, కొవ్వు 40 గ్రాములు దాటుతుంది.

అపోహ: రాత్రి తిన్నది కొవ్వుగా మారుతుంది.

వాస్తవం: రోజు మొత్తం కేలరీలు మించితేనే. ఆ గ్లాసు లెక్కలో ఉంటే ఏ గంటకి తాగినా ఒకటే.

అపోహ: ప్రోటీన్ కోసం నిద్ర కాస్త ఆలస్యమైనా ఫరవాలేదు.

వాస్తవం: మమ్మల్ని ఎక్కువ బాధపెట్టేది ఇదే. 2021లో వచ్చిన ఒక పరీక్షలో, ఒక్క రాత్రి అసలు నిద్రపోకపోతే కండ తయారీ 18 శాతం పడిపోయింది. షేక్ కోసం పన్నెండు దాకా మేల్కొని నిద్ర తగ్గించుకోవడం తెలివైన పని కాదు. అర లీటరు ద్రవం తాగి పడుకుంటే మూడింటికి బాత్రూంకి లేవాల్సి వస్తుంది. 250 మి.లీ. దాటకండి. ఛాతీలో మంట వచ్చేవాళ్లు పడకకి రెండు మూడు గంటల ముందే ముగించాలి. వాళ్లకి రాత్రి భోజనంలోనే ప్రోటీన్ పెంచడం మేలు. యూఎస్ షిఫ్ట్ చేసి తెల్లవారి నాలుగింటికి పడుకునేవాళ్లకి "రాత్రి" అంటే ఆ నాలుగే.

అపోహ: ఇది జిమ్ కుర్రాళ్ల వ్యవహారం, పెద్దవాళ్లకి అక్కర్లేదు.

వాస్తవం: నిజానికి వాళ్లకే ఎక్కువ పనికొస్తుంది. వయసు మీదపడ్డాక అంతే కండ తయారీకి ప్రోటీన్ ఎక్కువ కావాలి. ఊరి నుంచి వచ్చి మీ ఫ్లాట్‌లో ఉంటున్న అమ్మానాన్నలు రాత్రి రెండిడ్లీలతో సరిపెడతారు. అందులో ఉండేది నాలుగైదు గ్రాములే. వాటి బదులు రెండు పెసరట్లు (ఒక్కోదానికి 30 గ్రాముల పెసలు), గంట ఆగి ఒక గ్లాసు పాలు ఇస్తే 22 గ్రాములవుతుంది. పగలు కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చుంటే ఆ ప్రోటీన్ కండకి అందుతుంది. మధుమేహం, బీపీ ఉన్నవాళ్లకి ఇది మొదలుపెట్టే ముందు కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. కిడ్నీ జబ్బు ఉంటే మోతాదు డాక్టరే చెప్పాలి.