మౌంటింగ్ యార్డ్ కంచె దగ్గర వినపడే మాటలు: ఒక సైసు చెప్పే అపోహలు, వాస్తవాలు

లాంగ్ వీకెండ్ వస్తే మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు చాలామంది పిల్లాపాపలతో హ్యాంగింగ్ రాక్‌కో, కైనెటన్‌కో రేసులు చూడటానికి వెళ్తారు. చెట్టు కింద దుప్పటి పరిచి, పులిహోర డబ్బాలు విప్పి, మధ్యాహ్నానికి ఎవరో ఒకరు "తలా పది డాలర్లు పెడదాం" అంటారు. అందరూ లేచి మౌంటింగ్ యార్డ్ కంచె దగ్గరికి వస్తారు. రేసుకు ముందు గుర్రాలను తిప్పి చూపించే, జాకీలు ఎక్కే ఆవరణ అది. కంచెకు ఇవతల గుర్రం పగ్గం పట్టుకుని తిప్పేవాళ్ళలో నేనొకణ్ణి. హైదరాబాద్ మలక్‌పేట రేసుల్లో సైసుగా మొదలుపెట్టాను. విక్టోరియాలో ఇప్పుడు చేసేదీ అదే పని, కాకపోతే ఇక్కడ స్ట్రాపర్ అంటారు. కంచె అవతల నుంచి తెలుగు మాటలు చెవిన పడుతుంటాయి. వాటిలో చాలా మాటలు తప్పు. వాటిని నమ్మి మనవాళ్ళు డబ్బు పోగొట్టుకుంటుంటే బాధగా ఉంటుంది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: నిగనిగలాడే గుర్రమే గెలుస్తుంది.

గుర్రం పిర్రల మీద చదరంగం బల్లలా గళ్ళు కనిపిస్తాయి చూడండి. అవి తడి బ్రష్షుతో, చిన్న దువ్వెనతో వేసినవి. నేనూ వేస్తాను. జూలు జడలల్లి, గిట్టలకు నూనె రాసి, ఒంటిని గుడ్డతో రుద్దితే మామూలు గుర్రం కూడా పెళ్ళికొడుకులా తయారవుతుంది. బాగా ముస్తాబైన గుర్రానికి చాలాచోట్ల విడిగా బహుమతి కూడా ఇస్తారు. అది సైసు కష్టానికి ఇచ్చేది, గుర్రం వేగానికి కాదు.

మెరుపుకు అసలు అర్థమే లేదని కాదు. బొచ్చు మొద్దుబారి నిలబడి ఉంటే ఆరోగ్యమో తిండో సరిగా లేదని అనుమానించవచ్చు. కానీ జూన్, జూలై నెలల్లో ఇక్కడ చలికాలం. ఆ రోజుల్లో బొచ్చు పెరగడం సహజం. క్వీన్స్‌లాండ్ ఎండ నుంచి వచ్చిన గుర్రం నున్నగా ఉంటుంది, బల్లారట్ చలిలో పెరిగింది బొద్దుగా కనిపిస్తుంది. బొచ్చు మెషీన్‌తో కత్తిరించిన గుర్రమైతే రంగు వెలిసిపోయి ఎలుక రంగులోకి దిగుతుంది. చూసినవాళ్ళు జబ్బు గుర్రం అనుకుంటారు. ఒక చలికాలం నేనే అలాంటి గుర్రాన్ని వదిలేసి, పక్కన తళతళలాడే చెస్ట్‌నట్ (ఎర్రగోధుమ రంగు) గుర్రం మీద వారం కూలి పెట్టాను. వదిలేసిన గుర్రమే గెలిచింది.

మెరుపు కంటే డొక్క చూడండి. చివరి రెండు మూడు పక్కటెముకలు లీలగా కనిపిస్తూ, వెనుక తొడల కండ గట్టిగా గీత తేలి ఉంటే గుర్రం కసరత్తులో ఉన్నట్టు. పల్లె రేసుల్లో చాలా గుర్రాలు విశ్రాంతి తర్వాత మొదటి పరుగుకు వస్తాయి. రేసు పుస్తకంలో పాత పరుగుల తేదీలు చూస్తే ఆ సంగతి తెలుస్తుంది. అలాంటి గుర్రానికి పొట్ట నిండుగా ఉంటే ఈ రేసు దానికి ఇంకా తయారీలో భాగమే కావచ్చు.

అపోహ: చెమట పడితే పని అయిపోయినట్టే.

నాకు అన్నిటికంటే ఎక్కువగా వినపడేది ఈ మాటే. గుర్రం చెమటలో లాథెరిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, తోలు పట్టీ రాసుకున్న చోట నురగ రావడానికి కారణం అదే. ఎండ రోజున మెడ మీద తడి, పగ్గం కింద తెల్లని నురగ ఉంటే కంగారు పడక్కర్లేదు. పక్కన ఉన్న గుర్రాలను చూడండి. అన్నీ తడిస్తే ఎండ వల్ల. చల్లటి రోజున ఒక్కటే తడిసి, వెనుక కాళ్ళ మధ్య నురగ కట్టి, తల ఎగరేస్తూ, నన్ను ఈడ్చుకుపోతుంటే అది టెన్షన్. ఆ బలమంతా రేసు మొదలవకముందే ఖర్చయిపోతోంది. అయినా కొన్ని గుర్రాల తీరే అంత. ప్రతిసారీ తడిసే గుర్రం ఈరోజూ తడిస్తే కొత్త కబురేమీ లేదు. ఎప్పుడూ తడవనిది తడిస్తేనే ఆలోచించాలి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మంచి ఎండలో అన్ని గుర్రాలూ తడిసి, ఒక్కటే పొడిగా ఉంటే అదే ఎక్కువ ప్రమాదం. ఉక్కపోత వాతావరణంలో కొన్ని గుర్రాలకు చెమట పట్టడం ఆగిపోతుంది. అప్పుడు ఒంట్లో వేడి బయటికి పోయే దారి ఉండదు. పొడిగా ఉంది కాబట్టి ప్రశాంతంగా ఉందనుకోవద్దు, ముక్కుపుటాలు ఎంత వేగంగా ఆడుతున్నాయో గమనించండి.

అపోహ: కాళ్ళ తెలుపు చూస్తే చాలు.

మనకు పంచకళ్యాణి అంటే శుభం. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉంటే కళ్ళకద్దుకుంటాం. ఇక్కడి పాత రైతులు నాలుగు తెల్లకాళ్ళు చూస్తే వద్దంటారు, తెల్ల గిట్ట మెత్తనని వాళ్ళ నమ్మకం. ఒకే గుర్రం మనకు శుభం, వాళ్ళకు అశుభం. గిట్ట గట్టిదనం రంగును బట్టి ఉండదు. 2014లో అమెరికాలో కెంటకీ డెర్బీ రేసు గెలిచిన కాలిఫోర్నియా క్రోమ్ మన లెక్కలో పంచకళ్యాణే. అలాగని పంచకళ్యాణులన్నీ గెలవలేదు.

అపోహ: వంకరటింకర గుర్రం గెలవదు.

ఫార్ ల్యాప్ అనే గుర్రాన్ని 1928లో 160 గినీలకు కొన్నారు. పొడుగ్గా, పీలగా, ముఖం నిండా పులిపిర్లతో దిగిన ఆ గుర్రాన్ని చూసి కొన్న యజమానే నిరాశపడ్డాడు. అదే 1930లో మెల్‌బోర్న్ కప్ గెలిచింది. మొత్తం 51 పరుగుల్లో 37 గెలుపులు. దాని గుండె 6.2 కిలోలు, ఇప్పుడు కాన్‌బెర్రా మ్యూజియంలో ఉంది. తోలు కప్పిన రూపం మెల్‌బోర్న్ మ్యూజియంలో ఉంది, పిల్లల్ని తీసుకెళ్ళి చూపించండి. ఆ గుండె ఎంతదో కంచె దగ్గర నిలబడ్డ ఎవరికి తెలిసేది?

టేకోవర్ టార్గెట్ అనే గుర్రం కథ ఇంకా మన పల్లె రేసులకు దగ్గరిది. మోకాళ్ళు బాగాలేని ఆ గుర్రాన్ని కాన్‌బెర్రా పక్కనున్న క్వీన్‌బీన్‌లో టాక్సీ నడిపే జో జానియాక్ సుమారు 1,250 డాలర్లకు కొన్నాడు. 2004లో క్వీన్‌బీన్ మైదానంలోనే మొదటి పరుగు గెలిచింది. 2006లో ఇంగ్లాండ్ వెళ్ళి రాయల్ యాస్కాట్‌లో కింగ్స్ స్టాండ్ రేసు గెలిచింది.

అపోహ: పెద్ద గిట్టలుంటే బురదలో పరిగెడుతుంది.

ఇక్కడ మైదానం తడికి 1 నుంచి 10 దాకా అంకెలుంటాయి. 8 నుంచి హెవీ, అంటే బాగా తడిసిన నేల. గిట్టలు కొలవడం మాని, ఆ గుర్రం ఇదివరకు హెవీలో ఏం చేసిందో రేసు పుస్తకంలో చూడండి. అక్కడే రాసి ఉంటుంది.

అపోహ: బారుగా నడిచేదే బారుగా పరిగెడుతుంది.

వెనుక గిట్ట ముందు గిట్ట అడుగును దాటి పడుతుంటే చూడటానికి బాగుంటుంది, నాకూ ఇష్టం. కానీ లాయంలో నిలబడి బిగుసుకున్న ముసలి గుర్రాలు యార్డ్‌లో ముక్కుతూ నడిచి, మైదానంలోకి వెళ్ళగానే సాగిపోతాయి. అందుకే యార్డ్ ఒక్కటే చూసి టికెట్ కొనకండి. జాకీ ఎక్కాక మైదానంలోకి వెళ్ళే గేటు దగ్గర నిలబడి, స్టార్ట్ వైపు ఎలా పోతోందో చూడండి. యార్డ్‌లో మొరాయించి, అక్కడ మెడ వంచి తేలిగ్గా పోయే గుర్రం నాకు నచ్చుతుంది. జాకీతో పెనుగులాడుతూ నోరు తెరిచి పోయేదాన్ని వదిలేస్తాను. స్టార్ట్ దగ్గర గుర్రం కుంటుతోందని పశువుల డాక్టరు పట్టుకుంటే దాన్ని రేసు నుంచి తప్పిస్తారు, దాని మీద పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది.

ఇన్నేళ్ళ తర్వాత కంటిచూపును నేను వాడేది కొన్నింటిని తీసేయడానికే. పది గుర్రాల్లో మూడింటిని వదిలేయవచ్చు. గెలిచేదేదో చూపు చెప్పదు. అందరూ లెక్కలు వేసి తేల్చిన ఫేవరెట్ కూడా సుమారు మూడింట ఒకసారే గెలుస్తుంది.

అపోహ: సైసును అడిగితే తెలిసిపోతుంది.

తెలుగువాణ్ణని తెలిసి కంచె దగ్గర "అన్నా, నీ గుర్రం ఎట్లుంది?" అని అడుగుతారు. నన్ను అడగొద్దు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి దాని లాయం శుభ్రం చేశాను, కాళ్ళు తడిమి చూశాను, దాణా పెట్టాను. నేను తిప్పే గుర్రం ప్రతిసారీ గెలుస్తుందనే నాకు అనిపిస్తుంది.