విశాఖ లెస్బియన్ల ఉత్తరాలు, ఫొటోలు ఏమైపోతున్నాయి?

ఆడవాళ్లను ప్రేమించిన ఆడవాళ్లు కలుసుకున్న చోట్లకు మన దగ్గర బోర్డుల్లేవు. హాస్టల్ గది, అద్దె వాటా, పోస్టుబాక్సు నంబరు, ఆ తర్వాత యాహూ గ్రూపులు, ఆర్కుట్. ఢిల్లీలో సఖి (1991), ముంబైలో స్త్రీ సంగమ్ (1995), కోల్‌కతాలో సాఫో (1999) లాంటి సంఘాలు మొదలైనా, దూరపు ఊళ్లవాళ్లకు చాలాకాలం ఉత్తరమే దారి. అందుకే ఆ చరిత్ర కాగితాల్లో, పాస్‌వర్డుల వెనక మిగిలింది. ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. పన్నెండు రోజులకే హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. యాహూ గ్రూపులు 2020 డిసెంబరు 15తో ఆఖరు. పాత మెసేజీలను అంతకు ఏడాది ముందే తీసేశారు.

తుపాను రాని ఏడాది కూడా ఇక్కడి చెమ్మ ఊరుకోదు. ఆల్బమ్ ప్లాస్టిక్‌కు అతుక్కున్న ఫొటోను లాగొద్దు, రంగుపొర ఊడివస్తుంది. ప్లాస్టిక్‌తో సహా 600 డీపీఐలో (స్కానర్ స్పష్టత కొలత) స్కాన్ చేయండి. ఉత్తరాలకు 400 చాలు. కవరును మాత్రం వదలొద్దు: తేదీ, ఊరు చెప్పేది చాలాసార్లు పోస్టల్ ముద్ర ఒక్కటే. గుండుసూదులు ఉప్పుగాలికి తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి, ముందే తీసేయాలి. లామినేషన్ అసలు వద్దు. ఆ జిగురు మళ్లీ వదలదు. బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నేలకు అడుగు ఎత్తున, చెమ్మపట్టే గోడకు దూరంగా పెట్టాలి.

చెమ్మకన్నా భయపడాల్సింది బీరువా తాళం ఎవరి చేతికి పోతుందోనని. 2018 సెప్టెంబరు 6 సుప్రీంకోర్టు తీర్పుతో మేజర్ల ఇష్టపూర్వక స్వలింగ బంధం నేరం కాకుండా పోయింది. 2023 అక్టోబరు 17 తీర్పు మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేదు. కాబట్టి వీలునామా లేకుండా ఒకరు పోతే రెండో ఆమె వారసురాలు కాదు. సామానంతా చట్టం గుర్తించే కుటుంబానిది, వాళ్లు తగలబెట్టినా అడిగే దిక్కుండదు. వీలునామాకు తెల్లకాగితం, రాసినామె సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. అందులో బంగారంతోపాటు ఉత్తరాలు, ఫోను ఎవరికో పేరు పెట్టి రాయాలి.

జ్ఞాపకాలు చెప్పే ఆమె గొంతు రికార్డు చేసేముందు ఏ పేరుతో, ఎవరు, ఏ ఏడాది నుంచి వినొచ్చో రాయించుకోవాలి. మాటల్లో వచ్చే మూడో మనిషి ఒప్పుకోలేదని మరవొద్దు. ఆమె ఇప్పుడు గాజువాకలో మనవల్ని ఆడిస్తూ ఉండొచ్చు. వినిపించే కాపీలో ఆమె పేరు, వీధి, ఉద్యోగం తీసేసి, అసలు ఫైలును విడిగా దాచాలి. మూడు కాపీలుండాలి, ఒకటి తీరానికి దూరంగా వేరే ఊళ్లో. బెంగళూరు నేషనల్ లా స్కూల్లోని క్వామ్రా ఆర్కైవ్ (క్వీర్ చరిత్రను దాచే భాండాగారం) ఇలాంటి సేకరణలనే భద్రపరుస్తోంది. ఎవరికిచ్చినా, ఎప్పుడు తెరవాలన్న షరతు రాతలో ఉండాలి.