స్కోపుకు ఎర్త్ పిన్ను తీసేయవచ్చా? వర్క్‌బెంచీ అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎస్‌ఎంపీఎస్ (టీవీ, కంప్యూటర్లలో ఉండే స్విచ్చింగ్ పవర్ సప్లై) ప్రైమరీ వైపు, అంటే మెయిన్స్‌కు కలిసి ఉండే వైపు, వేవ్‌ఫారం చూడాలంటే స్కోపు (ఆసిలోస్కోపు, వోల్టేజీ తరంగాన్ని తెర మీద చూపే పరికరం) ప్లగ్గులోని ఎర్త్ పిన్ను తీసేయాలి, అప్పుడు ఏదీ కాలదు.

తిరుపతిలో కొలత పరికరాలు మరమ్మతు చేసే నాకు ఈ మాట ఇంజనీరింగ్ విద్యార్థుల దగ్గరా, ఇంట్లో ఒక మూల బెంచీ వేసుకున్న ఉద్యోగుల దగ్గరా, చేయి తిరిగిన టీవీ మెకానిక్కుల దగ్గరా వినిపిస్తూనే ఉంటుంది. ఎక్కడ చదివారని అడిగితే జవాబుండదు. సీనియర్ ఒకరు చెప్పారు, ఏదో వీడియోలో చూపించారు, అంతే. బెంచీ మీద చలామణి అయ్యే అపోహలన్నింటిలో మనిషి ప్రాణం మీదికి తెచ్చేది ఇదే కాబట్టి దీన్ని వివరంగా చెప్పి, మిగిలినవాటిని క్లుప్తంగా ముగిస్తాను.

వాస్తవం: అసలు కాలడం ఎందుకు మొదలవుతుందో ముందు తెలియాలి. మెయిన్స్ మీద నడిచే మామూలు స్కోపులో బీఎన్‌సీ సాకెట్ (ప్రోబు తగిలించే గుండ్రటి సాకెట్) బయటి లోహం, ప్రోబు (కొలిచే తీగ) గ్రౌండ్ క్లిప్పు, లోపలి చాసిస్ (లోహపు చట్రం), ప్లగ్గులోని ఎర్త్ పిన్ను అన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. ఛానళ్లు నాలుగున్నా గ్రౌండు ఒక్కటే. ఇక ఎస్‌ఎంపీఎస్‌లో బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్లు) తరువాత ఉండే పెద్ద కెపాసిటర్ నెగటివ్ కాలును చాలామంది గ్రౌండు అనుకుంటారు. సర్క్యూట్ బొమ్మలో గ్రౌండు గుర్తు వేసినంత మాత్రాన అది ఎర్త్ అయిపోదు. ఫేజు నెగటివ్‌గా ఉన్న ప్రతి అర్ధచక్రంలోనూ ఆ కాలు బ్రిడ్జిలోని ఒక డయోడు గుండా ఫేజుకే కలిసి, 230 వోల్టుల సరఫరాలో ఎర్త్ కంటే సుమారు 325 వోల్టుల దాకా కిందికి పోతుంది. అక్కడ క్లిప్పు తగిలించడమంటే, డయోడు మీదుగా ఫేజును తీసుకొచ్చి ఎర్త్‌కు షార్ట్ చేయడమే. బ్రిడ్జి, ఫ్యూజు, క్లిప్పు తీగ ఒక్క క్షణంలో పోతాయి. అదృష్టం బాగాలేకపోతే స్కోపు లోపలి గ్రౌండ్ ట్రాకు కూడా పోతుంది.

పుత్తూరు నుంచి ఒక విద్యార్థి ఇలాగే నల్లగా మాడిన ప్రోబుతో వచ్చాడు. స్కోపు కాలేజీది, ఇంట్లో ఇంకా చెప్పలేదు, కుర్రవాడి ముఖంలో నెత్తురు చుక్క లేదు. విప్పి చూస్తే పోయింది ప్రోబు ఒక్కటే. ఆ మాట చెప్పాక గానీ అతను కుర్చీలో కూర్చోలేదు. నాకు దిగులు పుట్టించింది మాత్రం, వెళ్లబోతూ అతను అన్న మాట: "ఈసారి ఎర్త్ పిన్ను తీసేసి చూస్తాను సార్, అప్పుడు కాలదు కదా?"

నిజమే, కాలదు. వేవ్‌ఫారం కూడా కనిపిస్తుంది. ఈ అపోహ ఇంతకాలం బతికి ఉండడానికి కారణం కూడా అదే. అయితే షార్ట్ తప్పింది గానీ వోల్టేజీ ఎక్కడికీ పోలేదు. స్కోపు మీద చేతికి తగిలే లోహమంతా, రెండో ఛానల్ క్లిప్పుతో సహా, ఇప్పుడు ఫేజు మీద ఉంది. ఒక చేత్తో దాన్ని పట్టుకుని మరో చెయ్యి ఎర్త్ ఉన్న మరో పరికరానికి తగిలితే, తీసేసిన పిన్ను చేయాల్సిన పనిని మన గుండె మీదుగా మన ఒళ్లే చేస్తుంది. స్కోపు నుంచి లాప్‌టాప్‌కు యూఎస్‌బీ తీగ ఉంటే, మూడు పిన్నుల చార్జర్ గుండా ఆ షార్ట్ మళ్లీ కొత్త దారిలో తిరిగి వస్తుంది.

ఆ కుర్రవాడికి మాటలతో నమ్మకం కుదిరేటట్టు లేదని, ఎర్త్ లేని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు స్కోపును పెట్టి, ప్రోబు దేనికీ తగిలించకుండానే, బీఎన్‌సీ లోహానికీ నిజమైన ఎర్త్‌కూ మధ్య మల్టీమీటరు పెట్టి చూపించాను. వందకు పైగా వోల్టులు కనిపించాయి. పవర్ సప్లై ముందుండే ఫిల్టరులోని వై కెపాసిటర్లు (ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చాసిస్‌కు కలిసే చిన్న కెపాసిటర్లు) రెండూ కలిసి చాసిస్‌ను ఫేజుకూ న్యూట్రల్‌కూ నడుమ నిలబెడతాయి. ఎర్త్ లేని ఇళ్లలో కంప్యూటరు పెట్టెను తాకితే చిమచిమలాడేది ఇందువల్లే. ఆ కరెంటు మిల్లీఆంపియరులో కొద్ది భాగమే కాబట్టి మనిషికి ఏమీ కాదు, కానీ దాన్ని చూసి "ఇంతే కదా షాకు" అనుకునేవారికి, హాట్ గ్రౌండుకు (మెయిన్స్‌కు కలిసి ఉన్న గ్రౌండుకు) క్లిప్పు పెట్టాక వచ్చే కరెంటును ఆపేది ఏదీ లేదని తెలియదు.

అపోహ: సిరీస్ బల్బు (బోర్డుకు వచ్చే తీగలో వరుసగా కలిపిన బల్బు) పెట్టాం కదా, వేరియాక్ (వోల్టేజీ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు) మీద నడుపుతున్నాం కదా, ఇక భయం లేదు.

వాస్తవం: సిరీస్ బల్బు మంచి అలవాటే, నా బెంచీ మీద కూడా ఉంది. అది బోర్డు షార్ట్ అయినప్పుడు కరెంటును అదుపు చేసి మాస్‌ఫెట్టును (స్విచ్చుగా పనిచేసే ట్రాన్సిస్టరును) కాపాడుతుంది, మనిషిని కాపాడదు. 100 వాట్ల బల్బు గుండా ప్రవహించే 0.4 ఆంపియరు ప్రాణం తీయడానికి ఎన్నో రెట్లు ఎక్కువ. వేరియాక్‌లో ఉండేది ఒకే వైండింగు. వోల్టేజీ తగ్గించినా అవతలి తీగ మెయిన్స్‌కు నేరుగా కలిసే ఉంటుంది కనుక దాన్ని ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరుగా (మెయిన్స్‌తో తీగ సంబంధం లేకుండా కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరుగా) లెక్క వేయకూడదు.

మరి ఏం చేయాలి? స్కోపు ఎర్త్‌ను కదిలించకుండా, పరీక్షకు పెట్టిన బోర్డును ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు మీద నడపడం ఒక పద్ధతి. ఇందులోనూ ఒక మెలిక ఉంది: క్లిప్పు తగిలించిన మరుక్షణం ఆ బిందువు ఎర్త్ అవుతుంది, బోర్డులోని మిగతా బిందువులన్నీ దానితో పోలిస్తే ప్రమాదకరమైన వోల్టేజీ మీద ఉంటాయి. అప్పుడు షాకు కొట్టినా ఇంట్లోని 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఫేజు, న్యూట్రల్ కరెంట్ల మధ్య తేడా వస్తే సరఫరా ఆపే స్విచ్చు) ట్రిప్ కాదు, ఎందుకంటే ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మరు సెకండరీలోనే చుట్టు తిరుగుతుంది, మెయిన్స్ వైపు తేడా కనిపించదు. రెండో పద్ధతి డిఫరెన్షియల్ ప్రోబు (ఎర్త్‌తో పని లేకుండా రెండు బిందువుల మధ్య వోల్టేజీని కొలిచేది). ధర ఎక్కువే, కానీ ఈ పని తరచుగా చేసేవారు కొనవలసింది మరో స్కోపు కాదు, ఇదే. కొనలేనివారు రెండు మామూలు ప్రోబులను ఒకే అటెన్యుయేషన్‌లో (సంకేతాన్ని తగ్గించే నిష్పత్తిలో) పెట్టి, క్లిప్పులు రెండూ సర్క్యూట్‌కు తగలకుండా ఉంచి, రెండు ఛానళ్ల తేడాను స్కోపులోని మ్యాథ్ ఫంక్షన్‌తో చూడవచ్చు. చిన్న సంకేతాలకు ఈ దారి అంతగా పనికిరాదు. ప్రోబు మీద రాసిన వోల్టేజీ పరిమితి చదవకుండా మాత్రం ముట్టుకోవద్దు. ఫ్లైబ్యాక్ సర్క్యూట్ (ఒక రకం ఎస్‌ఎంపీఎస్) మాస్‌ఫెట్టు డ్రెయిన్ కాలు దగ్గర 500 వోల్టులు దాటడం మామూలే, అక్కడ వోల్టేజీని 100 రెట్లు తగ్గించే ప్రోబు కావాలి.

బ్యాటరీ మీద నడిచే చేతి స్కోపు అయితే అన్నీ సురక్షితమే అనుకోవడం ఈ అపోహకే చెల్లెలు. ఇన్సులేటెడ్ సాకెట్లతో, క్యాట్ రేటింగుతో (మెయిన్స్ కొలతలకు ఎంతవరకు సురక్షితమో చెప్పే తరగతితో) వచ్చినవాటి సంగతి వేరు. లోహపు బీఎన్‌సీ బయటికి కనిపించే చౌక కిట్టును హాట్ గ్రౌండుకు కలిపితే ఆ లోహం కూడా హాట్ అవుతుంది.

అపోహ: గోడకు మూడు రంధ్రాల సాకెట్ ఉంది కాబట్టి ఇంట్లో ఎర్త్ ఉంది.

వాస్తవం: పాత ఇళ్లలో ఆ మూడో రంధ్రం వెనక తీగే లేకపోవడం నేను చాలాసార్లు చూశాను. తీగ ఉన్నా, మన రాయలసీమ ఎండలకు ఎర్త్ గుంత ఎండిపోతే రెసిస్టెన్సు పెరిగిపోతుంది. వేసవిలో గుంతలో నీళ్లు పోయమని పాత ఎలక్ట్రీషియన్లు చెప్పేది చాదస్తం కాదు. డిజిటల్ మీటరుతో ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య 230 చూసి తృప్తి పడవద్దు, 10 మెగా ఓముల మీటరు దాదాపు కరెంటే లాగదు కనుక దానికి నామమాత్రపు కనెక్షన్ కూడా అంతే చూపిస్తుంది. ఎలక్ట్రీషియన్ చేత ఎర్త్ టెస్టరుతో కొలిపించండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. ప్లగ్గు పీకేశాం కాబట్టి బోర్డులో కరెంటు లేదనడం తప్పు: 325 వోల్టులకు చార్జ్ అయిన 100 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను స్క్రూడ్రైవరుతో షార్ట్ చేసి నిప్పురవ్వలు చూడడం కంటే, ఇన్సులేషన్ వేసిన తీగలున్న 10 కిలో ఓముల, 5 వాట్ల రెసిస్టరును 5 సెకన్లకు పైగా తగిలించి, తరువాత మీటరుతో సరిచూసుకోవడం మేలు. మీటరులో అంకెలు ఎక్కువగా ఉంటే కచ్చితత్వం ఎక్కువ అన్నదీ తప్పే. స్పెసిఫికేషన్‌లోని శాతం చూడాలి. 16 వోల్టుల కెపాసిటర్ స్థానంలో అదే విలువ గల 25 వోల్టులది వేస్తే సర్క్యూట్ పాడవుతుందన్న భయం అక్కర్లేదు, చోటు సరిపోతే చాలు.

సోల్డరింగ్ పొగలో సీసం ఉంటుందా అని తల్లులు ఫోను చేసి అడుగుతుంటారు. ఆ ఆందోళన నాకు అర్థమవుతుంది. సీసం మరిగేది 1749 డిగ్రీల సెల్సియస్ దగ్గర. సోల్డరింగ్ ఐరన్ 350 దగ్గర పనిచేస్తుంది కనుక ఆ పొగ సీసానిది కాదు, ఫ్లక్సులోని (సోల్డరు చక్కగా అంటుకోవడానికి వాడే పదార్థంలోని) రోజిన్‌ది, అంటే చెట్టు జిగురుది. అయితే ఆ రోజిన్ పొగ ఆస్తమా ఉన్నవారికి మంచిది కాదు కాబట్టి ముఖం పక్కకు పెట్టి, చిన్న ఫ్యానుతో పొగను కిటికీ వైపు పంపాలి. సీసం ఒంట్లోకి వెళ్లేది ఎక్కువగా వేళ్ల మీదుగా నోట్లోకే. బెంచీ మీద టిఫిను పెట్టుకోకుండా, సోల్డరు తీగను పళ్లతో పట్టుకోకుండా, లేచిన వెంటనే సబ్బుతో చేతులు కడుక్కునేలా పిల్లవాడికి అలవాటు చేయండి.