టోటల్ కౌంట్ నార్మలే, మరి ఊపిరెందుకు అందట్లేదు?

వైరల్ న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరినవారి సీబీపీ (రక్తకణాలను లెక్కించే పరీక్ష) రిపోర్టు చూసి ఇంట్లోవాళ్లు తరచూ అడిగే మాట: "తెల్లకణాల కౌంట్ బాగానే ఉంది కదా, ఇంకా భయమెందుకు?" టోటల్ కౌంట్ దగ్గరే ఆగిపోతే అసలు సంగతి తెలియదు.

మైక్రోలీటర్ రక్తంలో టోటల్ కౌంట్ 7,200 అనుకుందాం. 4,000–11,000 మధ్యే ఉంది. కింద తెల్లకణాల రకాలు విడివిడిగా ఉంటాయి: న్యూట్రోఫిల్స్ 86 శాతం, లింఫోసైట్లు 9 శాతం. 7,200ని 9తో హెచ్చవేసి 100తో భాగిస్తే 648. పెద్దవాళ్లకు లింఫోసైట్లు కనీసం 1,000 ఉండాలి. వైరస్ చొరబడిన కణాన్ని పసిగట్టి చంపేవి, యాంటీబాడీలు తయారుచేసేవి ఇవే, తగ్గిందీ ఇవే. న్యూట్రోఫిల్స్ 6,192. రెండింటి నిష్పత్తి తొమ్మిదిన్నర. ఆరోగ్యవంతుల్లో అది సాధారణంగా 1–3 ఉంటుంది. కోవిడ్‌లో ఈ అంకె పెరుగుతూ పోయినవారికే జబ్బు ముదరడం ఎక్కువగా కనిపించింది.

స్కూల్లో తెల్లకణాలను సైనికులని చెప్పి వదిలేస్తారు. వాటివల్ల మన ఒంటికే జరిగే నష్టం సంగతి ఎవరూ చెప్పరు.

రక్తంలో న్యూట్రోఫిల్ వ్యాసం దాదాపు 7–9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఊపిరితిత్తుల్లోని సన్న రక్తనాళాలు చాలాచోట్ల అంతకన్నా ఇరుకు. అందుకే అది మామూలుగానే సాగి, నలిగి దూరుతుంది. ఇన్ఫెక్షన్ సంకేతాలు అందితే బిరుసెక్కి అక్కడే ఇరుక్కుంటుంది. తర్వాత గాలిగదిలోకి దిగుతుంది. కొన్ని న్యూట్రోఫిల్స్ ఇంకో పని చేస్తాయి: కేంద్రకంలో చుట్టుకుని ఉన్న, విప్పితే దాదాపు 2 మీటర్లుండే డీఎన్‌ఏని బయటికి వెదజల్లి వల పరుస్తాయి. దీన్ని 2004లో బెర్లిన్ మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు వర్ణించారు. ఆ పోగులకు హిస్టోన్లు (డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్లు), ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ అంటుకుని ఉంటాయి. బ్యాక్టీరియాకు అది ఉచ్చు. వైరస్ పెరిగేది మాత్రం మన కణాల లోపల. వల పడేది బయట. హిస్టోన్లు రక్తనాళం లోపలి పొరను చంపుతాయి, ఎలాస్టేజ్ గాలిగది గోడలోని సాగే పోగులను కోస్తుంది. సన్నగా ఉన్న చోట్ల ఆ గోడ అర మైక్రాన్ మందం కూడా ఉండదు! చిల్లు పడ్డాక ప్రోటీన్‌తో కూడిన నీరు గాలిగదిలోకి ఊరుతుంది. వల పోగులకు ప్లేట్‌లెట్లు అతుక్కుని నాళంలో రక్తం గడ్డకడుతుంది. ఒకవైపు గాలి అందదు, మరోవైపు రక్తం పారదు. ఆక్సిజన్ పడిపోయేది ఇలా.

ఇమ్యూనిటీ పెంచుతామంటూ పొడులూ కషాయాలూ అమ్మేవారు దీన్ని గమనించాలి. ఈ దశలో రోగికి కావాల్సింది ఆ ఇమ్యూనిటీకి అదుపు.

బ్రిటన్‌లో 2020లో ఆస్పత్రుల్లోని కోవిడ్ రోగులపై జరిగిన రికవరీ ట్రయల్ తేల్చిందీ అదే. రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ (ఇమ్యూనిటీని అణచే స్టెరాయిడ్), గరిష్ఠంగా 10 రోజులు. వెంటిలేటర్ మీదున్నవారిలో 28 రోజుల్లో మరణాలు 41.4 శాతం నుంచి 29.3 శాతానికి తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ మేలూ కనిపించలేదు. వైరస్ ఇంకా పెరుగుతున్న తొలి రోజుల్లో, అసలే తగ్గిన లింఫోసైట్లను మందుతో ఇంకా అణచడం మంచిది కాదు. జ్వరం రాగానే స్టెరాయిడ్ మింగడం తప్పనేది అందుకే.

స్టెరాయిడ్ పడిన కొన్ని గంటల్లోనే నాళాల గోడలకు అంటుకున్న న్యూట్రోఫిల్స్ ఊడి రక్తప్రవాహంలోకి వస్తాయి, లింఫోసైట్లు తగ్గుతాయి. జబ్బు ముదరకపోయినా నిష్పత్తి పెరిగినట్టు కనిపిస్తుంది. కాబట్టి తొలి డోసుకు ముందు తీసిన సీబీపీని దాచండి. డోసు పడిన తేదీ, సమయం రిపోర్టు చూసే డాక్టరుకు చెప్పండి.