ఇరవై ఏళ్ల మాట

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలు పెట్టుకున్నవాళ్లు తాము వాడగా మిగిలిన కరెంటును ఎవరికి అమ్ముతారని మొన్న అడిగారు కదా. చాలాకాలం దీనికి జవాబు ‘ఎవరికీ అమ్మలేరు’ అనే. తీగలు పెద్ద విద్యుత్తు సంస్థలవి. అవి దయతలిస్తే కొనేవి, లేకపోతే లేదు. చిన్న ఉత్పత్తిదారుల కరెంటును కొనక తప్పదని 1978లో అమెరికా చట్టం చేసింది. 1991 నుంచి జర్మనీ కూడా అదే దారి పట్టింది. అయితే అక్కడ ఇచ్చే ధర గాలిమరలకు గిట్టుబాటయింది కానీ, ఫలకాలకు ఏ మూలకూ చాలలేదు.

అసలు మలుపు 2000లో వచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న (పరిహాసం కాదు, తేదీ నిజంగా అదే) జర్మనీలో పునరుత్పాదక ఇంధన చట్టం అమలయింది. ఎవరు తయారుచేసినా సరే, ఎండ, గాలి లాంటి తరగని వనరుల కరెంటును గ్రిడ్‌లోకి, అంటే విద్యుత్తు తీగల వ్యవస్థలోకి, మిగతా కరెంటు కన్నా ముందుగా తీసుకోవాలి. గాలికి ఒక ధర, సూర్యరశ్మికి ఇంకో ధర, దేనికయ్యే ఖర్చును బట్టి దానికి. సౌర విద్యుత్తుకు యూనిట్‌కు 99 ఫెనిగ్‌లు (అప్పటి జర్మనీ చిల్లర నాణేలు), అంటే దాదాపు 51 యూరో సెంట్లు. ఆ ధర 20 ఏళ్లు మారదు. దీన్నే ఫీడ్-ఇన్ టారిఫ్ అంటారు.

ధర కన్నా ఆ 20 ఏళ్ల మాటే గొప్పదని నా అభిప్రాయం. ఎందుకంటే, ఫలకాల ఖర్చంతా మొదటి రోజే పెట్టాలి, రాబడేమో ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా వస్తుంది. ఏడాదికి ఎంత ఎండ కాస్తుందో ఇంచుమించుగా లెక్క కట్టవచ్చు. ధర కూడా తెలిస్తే బ్యాంకుకు భయం ఉండదు, తక్కువ వడ్డీకి అప్పిస్తుంది. అలా రైతులు, మామూలు గృహస్థులు, సహకార సంఘాలు కరెంటు అమ్మేవాళ్లయ్యారు.

ఇంకో తెలివైన నిబంధన ఉంది. 2002 నుంచి కొత్తగా చేరేవారికి సౌర ధర ఏటా 5 శాతం తగ్గేది. ముందే చేరినవారి ధర జోలికి మాత్రం ఎవరూ పోరు. దాంతో ఫలకాలు చేసేవారు ఖర్చు తగ్గించుకోక తప్పలేదు.

మరి ఈ డబ్బు ఎవరిది? ఖజానాది కాదు, కరెంటు వాడే అందరి బిల్లులోనూ కొంత కలిపారు. 2017లో అది యూనిట్‌కు 6.88 సెంట్లకు చేరింది. కరెంటు విపరీతంగా వాడే పెద్ద పరిశ్రమలకు అందులో చాలావరకు మినహాయింపు ఇచ్చారు. సొంత పైకప్పే లేని అద్దె ఇంటివారు మాత్రం పూర్తిగా కట్టారు. ఇది నాకు మింగుడుపడలేదు. 2022 జులైలో ఆ భారాన్ని బిల్లుల నుంచి తీసేశారు.

స్పెయిన్ కథ వేరు. 2007లో ఉదారంగా ధర ప్రకటించింది, పరిమితి గట్టిగా పెట్టలేదు. 2008 ఒక్క ఏడాదిలోనే 2500 మెగావాట్లకు పైగా సౌర కేంద్రాలు లేచాయి. బిల్లులు పెంచడానికి ధైర్యం చాలక, ఇచ్చే ధరలకు బిల్లుల డబ్బు సరిపోక వచ్చిన లోటును అప్పుగా పేర్చుకుంటూ పోయారు. చివరికి, అప్పటికే కట్టినవాటికి ఇస్తామన్న ధరలనూ కోసేశారు. మాట నమ్మి అప్పు చేసినవారు చిక్కుల్లో పడ్డారు. పెట్టుబడిదారుల దావాలు ఏళ్ల తరబడి నడిచాయి.

2017 నుంచి జర్మనీలో పెద్ద సౌర, గాలి కేంద్రాలకు వేలంపాటలే, తక్కువ ధర అడిగినవారికే అవకాశం. చిన్న పైకప్పులకు పాత పద్ధతి మిగిలింది. మొట్టమొదట చేరినవారి గడువు 2020 డిసెంబరు 31తో తీరిపోయింది. ఫలకాలకు ఆ సంగతి తెలియదు కదా, చాలావాటి నుంచి కరెంటు వస్తూనే ఉంది. అందుకని దాన్ని మార్కెట్ ధరకు కొనేలా మరో సవరణ తేవలసి వచ్చింది.

మీ తాతయ్య