నీతి ఆయోగ్ గురించిన అపోహలు, వాస్తవాలు: రాష్ట్ర ప్రణాళికా శాఖ వైపు నుంచి

కేంద్ర ప్రభుత్వానికి విధాన సలహాలిచ్చే సంస్థ నీతి ఆయోగ్ గురించి రాష్ట్ర ప్రణాళికా శాఖలో పనిచేసేవారికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "నీతి ఆయోగ్‌ను గట్టిగా అడిగితే నిధులు రావా?" చదువుకున్నవారూ, కొన్నిసార్లు ప్రజాప్రతినిధులూ ఈ మాట అడుగుతుంటారు కనుక, మొదట దీనికే జవాబు చెప్పాలి.

అపోహ: రాష్ట్రాలకు నిధులు పంచేది నీతి ఆయోగే.

వాస్తవం: నీతి ఆయోగ్‌కు నిధులు పంచే అధికారం లేదు. ఈ భ్రమ పాత ప్రణాళికా సంఘం కాలం నుంచి మిగిలిపోయింది. 1950లో ఏర్పడిన ఆ సంఘం ఉన్నన్నాళ్లూ ముఖ్యమంత్రులు ఢిల్లీలోని యోజనా భవన్‌కు వెళ్లి తమ రాష్ట్ర వార్షిక ప్రణాళిక ఎంత ఉండాలో తేల్చుకుని వచ్చేవారు. రాష్ట్రాల మధ్య ప్రణాళికా సహాయాన్ని పంచే లెక్క అయిన గాడ్గిల్ సూత్రం ప్రకారం అందే సాధారణ కేంద్ర సహాయంలో, ప్రత్యేక హోదా లేని మామూలు రాష్ట్రాలకు చాలాకాలం 30 శాతం గ్రాంటుగా, 70 శాతం అప్పుగా వచ్చేది. 2015 జనవరి 1న ఆ సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చినప్పుడు పంపిణీ బాధ్యతను దానికి అప్పగించలేదు, 2017-18 బడ్జెట్ నుంచి ప్రణాళికా వ్యయం, ప్రణాళికేతర వ్యయం అన్న విభజన కూడా పోయింది. పన్నుల్లో రాష్ట్రాల వాటాను సిఫార్సు చేసేది రాజ్యాంగంలోని 280వ అధికరణ కింద ఏర్పడే ఆర్థిక సంఘం, వై.వి.రెడ్డి అధ్యక్షతన 14వ సంఘం ఆ వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచగా, 15వ సంఘం 41 శాతంగా సూచించింది. కేంద్రం, రాష్ట్రాలు కలిసి ఖర్చు భరించే కేంద్ర ప్రాయోజిత పథకాల్లో కేంద్రం సొమ్ము ఆయా మంత్రిత్వ శాఖల నుంచి వస్తుంది.

ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథకు, చెరువులను బాగుచేసే మిషన్ కాకతీయకు సుమారు 24 వేల కోట్ల రూపాయలు ఇవ్వాలని నీతి ఆయోగ్ సిఫార్సు చేసిందని తెలంగాణ ప్రభుత్వం ఏళ్ల తరబడి గుర్తుచేస్తూ వచ్చినా, ఆ మొత్తం విడుదల కాలేదు. సిఫార్సుకూ మంజూరుకూ మధ్య దూరం ఎంతో దీన్నిబట్టి తెలుస్తుంది. పాత పద్ధతిలో రాష్ట్రాలు చేతులు కట్టుకుని నిలబడవలసి వచ్చేదన్న విమర్శ సబబే, కాని కూర్చుని బేరమాడడానికి ఒక చోటంటూ ఉండేది. అది పోవడం కేవలం లాభమేనని నేను అనుకోను.

అపోహ: ఇది రాజ్యాంగబద్ధ సంస్థ.

వాస్తవం: కాదు, చట్టం ద్వారా ఏర్పడినదీ కాదు. ప్రణాళికా సంఘంలాగే ఇదీ కేంద్ర మంత్రివర్గ తీర్మానంతో పుట్టింది.

అపోహ: ఇక్కడ నిర్ణయాలన్నీ కేంద్రమే చేసి రాష్ట్రాల మీద రుద్దుతుంది.

వాస్తవం: ఇది సగమే నిజం. ప్రధాని అధ్యక్షతన ముఖ్యమంత్రులు సభ్యులుగా ఉండే నీతి ఆయోగ్ పాలకమండలి 2015 ఫిబ్రవరిలో తొలిసారి సమావేశమైన తర్వాత ముఖ్యమంత్రులతోనే మూడు ఉపసంఘాలు ఏర్పడ్డాయి. కేంద్ర ప్రాయోజిత పథకాల ఉపసంఘానికి మధ్యప్రదేశ్ ముఖ్యమంత్రి సమన్వయకర్త కాగా, తెలంగాణ అందులో సభ్యరాష్ట్రం. స్వచ్ఛ భారత్ ఉపసంఘాన్ని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి నడిపారు. ప్రధాన పథకాల్లో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలన్న నేటి నిష్పత్తి ఆ మొదటి ఉపసంఘం సిఫార్సుల్లోనిదే. ఆ 40 శాతం సమకూర్చుకోలేక ఇబ్బందిపడే ప్రతి ఏడాదీ మాకు ఈ సంగతి గుర్తుకొస్తుంది. అయితే అంత విస్తారమైన కసరత్తు మళ్లీ జరగలేదన్నది నా అభిప్రాయం.

అపోహ: నీతి ఆయోగ్ సూచీల్లో రాష్ట్రం ర్యాంకు తగ్గితే పాలన దిగజారినట్టే.

వాస్తవం: సూచీలో వాడిన గణాంకాలు ఏ ఏడాదివో ముందు చూడాలి. ఆరోగ్యం, విద్య, జీవన ప్రమాణాల్లో లేమిని కొలుస్తూ 2023లో నీతి ఆయోగ్ వెలువరించిన బహుముఖ పేదరిక నివేదిక 2019-21 నాటి కుటుంబ ఆరోగ్య సర్వే మీద ఆధారపడింది. అందులోని మంచిచెడ్డలను ఆ తర్వాత వచ్చిన ప్రభుత్వానికి అంటగట్టడం సరికాదు. వెనుకబడిన జిల్లాల కోసం చేపట్టిన 112 ఆకాంక్షాత్మక జిల్లాల కార్యక్రమం ఇందుకు కొంత భిన్నమైనది. అందులో జిల్లా ఇప్పుడు ఎక్కడ ఉందన్నదాని కన్నా, నెలనెలా సాధించిన మెరుగుదలకే ర్యాంకు ఇస్తారు కనుక, అట్టడుగున ఉన్న జిల్లా కూడా ముందుకు రాగలదు. నా దృష్టిలో నీతి ఆయోగ్ చేసిన పనుల్లో రాష్ట్రాలకు ఎక్కువగా ఉపయోగపడింది ఇదే.

అపోహ: కేంద్ర, రాష్ట్ర వివాదాలను పాలకమండలిలో తేల్చుకోవచ్చు.

వాస్తవం: తేల్చుకోలేం. జీఎస్టీ పన్ను విషయాలు తేల్చే జీఎస్టీ మండలిలో కేంద్రం ఓటుకు మూడింట ఒక వంతు, రాష్ట్రాల ఓట్లకు మూడింట రెండు వంతుల విలువ ఉంటుంది, నిర్ణయానికి నాలుగింట మూడు వంతుల మెజారిటీ కావాలి. పాలకమండలిలో అటువంటి ఓటింగ్ ఏర్పాటు లేదు. వివాదాల కోసం రాజ్యాంగం 263వ అధికరణలో చూపిన వేదిక అంతర్రాష్ట్ర మండలి. 2016 జూలై తర్వాత అది ఏళ్ల తరబడి సమావేశం కాకపోవడంతో, అక్కడ చెప్పుకోవలసిన గోడంతా పాలకమండలిలో ముఖ్యమంత్రుల ప్రసంగాల్లోకి వచ్చి చేరుతోంది.